ఎనిమిది మేకులు

మా అపార్ట్‌మెంట్ బోయిగూడలో ఒక సందు చివర ఉంది. గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా కార్లు వెళ్లే దారికి ఒక పక్కగా ఏడు పామ్ చెట్లు ఉండేవి. సిమెంటు స్తంభాల్లా నున్నగా, బూడిద రంగులో ఉండే మానులు. మూడంతస్తుల ఎత్తున పచ్చటి గొడుగులు. కాయలు కాయవు, నీడ కూడా అంతంత మాత్రమే. కానీ బిల్డరు ఈ చెట్ల ఫొటో చూపించే ఫ్లాట్లు అమ్మాడు. మేమూ ఆ ఫొటో చూసే కొన్నాం.

నేను ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాను. డైరీ రాయడం హైస్కూల్లోనే మొదలైంది గానీ, రాసే పద్ధతి ఉద్యోగం నేర్పింది. ఏం చూశాను, ఏం చెప్పాను, ఎవరు కాదన్నారు. ఈ మూడూ ఏ రోజుకారోజు రాసుకోవాలి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఖాళీగా ఉన్నానని అపార్ట్‌మెంట్ వాళ్లు నన్ను సెక్రటరీని చేశారు. మోటారు ఎప్పుడు వేశారు, ట్యాంకు ఎప్పుడు కడిగించాం లాంటివన్నీ నా డైరీలోకి వచ్చి చేరాయి.

మూడేళ్ల కిందట మే నెలలో, సాయంత్రం నాలుగు గంటలకు గాలి లేచింది. ముందు ఎర్రటి దుమ్ము, వెనకాలే వడగళ్లు. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. కిందికి దిగి చూస్తే గేటు పక్కనున్న చెట్టు వేళ్లతో సహా లేచి రెండు స్కూటర్ల మీద పడి ఉంది. మధ్యలో ఒకటి బాగా ఒరిగిపోయింది. మిగిలిన అయిదూ నిలబడే ఉన్నాయి గానీ, ఆకులు ఈనెల దగ్గర విరిగి, పాత గొడుగు ఊచల్లా వేలాడుతున్నాయి.

మర్నాడు ఉదయం సుద్దముక్క పట్టుకుని వెళ్లి, మెట్ల వైపు నుంచి ఒక్కో చెట్టుకు నంబరు వేశాను. పడిపోయినది ఏడు. ఒరిగినది నాలుగు. రైలు పెట్టెలకు వేసినట్టే.

వాచ్‌మన్ నా వెనకాలే ఉన్నాడు. అతనిది జనగామ దిక్కు పల్లె. ఇరవై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఒకసారి నడుముకు కట్టుకునే మోకు తెగి పడి తుంటి విరిగాక చెట్టెక్కడం మానేసి, భార్యను తీసుకుని పట్నం వచ్చాడు. గేటుతో పాటు మొక్కల పని కూడా అతనే చూసేవాడు. మొక్కలంటే ఎవరూ చెప్పక్కర్లేదు అతనికి. నేను నంబర్లు వేస్తుండగా కుంటుకుంటూ టెర్రస్ మీదికి పోయి, ఒక్కో చెట్టు నడినెత్తిని పైనుంచి చూసి దిగి వచ్చాడు.

"ఆరిట్ల మొవ్వు మంచిగనే ఉంది సార్," అన్నాడు. మొవ్వు అంటే చెట్టు నెత్తిన ఇంకా విచ్చుకోకుండా ఈటెలా నిలబడి ఉండే ఆకు. పామ్ చెట్టుకు పెరిగే చోటు అదొక్కటే. అది పోతే పక్క నుంచి కొమ్మ వేయదు. "మొవ్వుంటె పానం ఉన్నట్టే. ఆకులు ఇరిగితె ఇరిగినయ్. పచ్చగున్నకాడికి కొయ్యకున్రి. గవ్వే దానికి బువ్వ."

"చూడ్డానికి బాగోదయ్యా. వచ్చే వారం మూడో ఫ్లోర్ వాళ్లింట్లో ఎంగేజ్‌మెంట్. వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

"దెబ్బ తాకినోని చేతులకెల్లి పళ్లెం గుంజుకుంటమా సార్?"

నేను నవ్వేశాను. చెట్లు కోసేవాళ్లను పిలిపించి, సగం విరిగినవీ, పచ్చగా ఉన్నవీ తేడా లేకుండా అన్నీ తీయించాను. ఆరు చెట్లూ జెండా కర్రల్లా తయారయ్యాయి. శుభ్రంగా ఉందని అందరూ అన్నారు. కోసిన పచ్చాకులు తీసుకెళ్లి ఎంగేజ్‌మెంట్ వాళ్లు గేటుకు కట్టుకున్నారు.

ఒరిగిన నాలుగో నంబరును తాళ్లతో లాగి నిలబెట్టించి, మొదట్లో మట్టి నింపించాను. వేళ్లు మళ్లీ పట్టుకునే దాకా నాలుగు వైపులా కర్రలు ఊతం పెట్టాలి. వడ్రంగి వచ్చాడు. వాచ్‌మన్ మళ్లీ అడ్డం వచ్చాడు.

"చెట్టుకు మేకులు కొట్టకున్రి సార్. ముందుగాల గోనెపట్ట చుట్టాలె. దాని మీద చెక్కలు పెట్టి తాడుతోని బిగ్గ కట్టాలె. మేకు గా చెక్కలకు కొట్టాలె."

"తాడు జారితే? కింద పిల్లలు తిరుగుతుంటారు. అంత బరువును ఆపాలంటే మేకు ఉండాల్సిందే. రైలు పెట్టెల చెక్కలకు ఎన్ని మేకులు కొట్టించాను, నాకు తెలియదా?"

"మీరు కొట్టింది సచ్చిన కట్టెకు గద సార్. గిది బతికున్నది. యాపచెట్టుకు గాయమైతె బెరడు మూస్కుంటది. గీ జాతికి గాయమైతె మానది. పొయ్యేదాంక గట్లనే ఉంటది."

వడ్రంగి సుత్తి చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ చూస్తున్నాడు. చెట్లు కోసేవాళ్లు కూడా ఇంకా అక్కడే ఉన్నారు. అంతమంది ముందు ఒక వాచ్‌మన్ నాకు పని చెప్పడం నచ్చలేదు. నిజం అంతే. ఇంకో కారణం ఏదీ లేదు.

"నువ్వు గేటు సంగతి చూసుకోవయ్యా," అన్నాను.

వడ్రంగి మూతి బిగించి నవ్వాపుకున్నాడు. వాచ్‌మన్ వెళ్లిపోయాడు. కర్రకు రెండేసి చొప్పున ఆరంగుళాల మేకులు ఎనిమిది కొట్టించాను. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "నాలుగో నంబరుకు ఊతకర్రలు నాలుగు, మేకులు ఎనిమిది, నేరుగా మొదలుకే. వాచ్‌మన్ కాదన్నాడు. గాయం మానదట. అంగీకరించలేదు."

వానాకాలంలో మొవ్వులు కొంచెం కొంచెం పైకి జరిగాయి. నాలుగో నంబరు కూడా పచ్చగానే ఉంది. నేను ప్రతి ఆదివారం చూసి రాసుకునేవాణ్ని. చెట్టు తన దగ్గర దాచుకున్నదే తింటూ నాలుగైదు నెలలు అలా పచ్చగా కనిపిస్తుందని నాకు అప్పుడు తెలియదు. సెప్టెంబరులో ఊతకర్రల పక్కన నల్లటి చార కనిపించింది. దగ్గరికి వెళ్తే మేకుల చుట్టూ నల్లటి రసం కారుతోంది, పులిసిన వాసన.

మర్నాడే వడ్రంగిని పిలిచి కర్రలూ మేకులూ తీయించాను. ఎనిమిది రంధ్రాలు మిగిలాయి. వాటిని తెల్ల సిమెంటుతో నేనే పూడ్చాను. చెట్టుకు మంచిదని కాదు, ఎవరి కంటా పడకూడదని. సిమెంటు కలపడానికి నీళ్లు వాచ్‌మనే తెచ్చాడు. మగ్గు కింద పెట్టి, "ఇప్పుడేం ఫాయిదా సార్," అని మాత్రం అన్నాడు. ఆ రోజు డైరీలో కరెంటు పోయిన సమయం ఉంది, పేపరువాడు రాలేదని ఉంది. సిమెంటు సంగతి లేదు.

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, గాలి కూడా లేదు, నాలుగో నంబరు తల ఊడి పడింది. కింద పిల్లల ఉయ్యాల ఉంది. రెండో ఫ్లోర్ వాళ్ల అబ్బాయి అప్పుడే మంచినీళ్లు తాగడానికి ఉయ్యాల దిగి ఇంట్లోకి వెళ్లాడు. ఉయ్యాల గొలుసు తెగి, చెక్క రెండు ముక్కలైంది. ఆ అబ్బాయి తల్లి ఆ ముక్కలు చూసి అక్కడే కూలబడిపోయింది.

సాయంత్రం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మీటింగు పెట్టారు. అంతకుముందే కొంతమంది వెళ్లి చెట్టు మొదలు చూసి వచ్చారు.

"రంధ్రాలున్నాయండీ దానికి! వరసగా కొట్టి, మళ్లీ సిమెంటు పెట్టి మూశారు," అన్నాడు ఒకాయన.

"ఎవరు కొడతారు?"

"ఇంకెవరు? కల్లు గీసినాయన ఉన్నడు కదా మనకు. అలవాటు పోతదా!"

అందరూ నవ్వారు. "పామ్ కల్లు ఎట్లుంటదో, మనకైతే ఒక్క గ్లాసు పోయలే," అని ఇంకొకరు అందుకున్నారు. నవ్వులాటగా మొదలైంది నిమిషాల్లో నిజమైపోయింది. కల్లు తీసేది చెట్టు నెత్తి దగ్గరని, మనిషి ఛాతీ ఎత్తున మొదలుకు రంధ్రం చేస్తే చుక్క కూడా రాదని ఆ సెల్లార్‌లో తెలిసినవాళ్లు ఇద్దరమే. ఒకడు లిఫ్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకొకణ్ని నేను.

"గవి మేకుల బొక్కలు సార్," అన్నాడు వాచ్‌మన్. "నేను కొట్టలే. సార్‌నడుగున్రి. సార్‌కు ఎర్కే."

అందరూ నా వైపు తిరిగారు. హార్డ్‌వేర్ షాపు నడిపే మా అసోసియేషన్ ప్రెసిడెంటు, "అంకుల్, మీరు సెక్రటరీ. మీరేమంటరు?" అని అడిగాడు.

నాకెదురుగా ఆ అబ్బాయి తల్లి కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. అబ్బాయి ఆమె కొంగు పట్టుకుని ఉన్నాడు. నావే ఆ మేకులు అంటే ఆమె నన్ను ఎలా చూస్తుందో అని భయపడ్డాను.

"విచారించి చూడాలి," అన్నాను.

వాచ్‌మన్ నా వైపు చూశాడు, తర్వాత నేల చూశాడు. గంటసేపు ఆయనొకటీ ఈయనొకటీ అన్నారు. నీళ్లు సరిగా పెట్టలేదన్నారు, మొక్కల మందు అమ్ముకున్నాడన్నారు. అంతసేపూ అతను నిలబడే ఉన్నాడు. నెలాఖరుకు ఖాళీ చేయమని తేల్చారు. విచారణ అనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. డైరీలో "మీటింగు జరిగింది. వాచ్‌మన్‌ను మార్చాలని నిర్ణయం" అని ఒక్క వాక్యం రాశాను.

సామాను ఆటోలో ఎక్కించాక అతను తాళంచెవులు ఇవ్వడానికి పైకి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, "మూడో నంబరు, ఆరో నంబరు మొవ్వులు ఇంక సన్నగనే ఉన్నయ్, పైకెల్లి పైపుతోని నీళ్లు కొట్టకున్రి సార్. మొవ్వుల నీళ్లు నిలిస్తె మురుగుతది. మొదట్లనే పొయ్యాలె. కొత్తోనికి జెర చెప్పున్రి," అన్నాడు. చెప్తానన్నాను. కూర్చోమని కూడా అనలేదు.

నాలుగో నంబరు మోడును కోయించేశాం. మిగిలిన అయిదు చెట్లూ తర్వాతి ఎండాకాలంలో ఒక్కో ఆకు వేశాయి. మొదటి ఆకులు మూరెడు పొడవున, ముడతలు పడి, పసుపు పచ్చగా ఉన్నాయి. రెండోవి కొంచెం నయం. మూడో ఆకు విచ్చుకునేసరికి వానలు పడుతున్నాయి, అది నిండుగా వచ్చింది. కానీ ఆ ఏడాది పెరిగిన మేర పైన మాను సన్నబడి, బెల్టు బిగించి కట్టినట్టు ఒక నొక్కు పడింది. ఆకులన్నీ కోయించి ఆకలితో ఉంచిన ఏడాది అది. ఆ నొక్కు ఇక పూడదు, అక్కడే ఉంటుంది, చెట్టు దాని మీదుగా పెరుగుతుంది.

నేను ప్రతి ఆదివారం బాల్కనీలో నిలబడి ఆకులు లెక్కపెట్టి రాసుకున్నాను. మేకు దిగని చెట్లన్నీ బతికాయి. అతను చెప్పింది చెప్పినట్టు జరిగింది. కొత్త ఆకు వచ్చిన ప్రతిసారీ అతని మాటే నిజమని మళ్లీ ఇంకోసారి రాస్తున్నట్టు ఉండేది నాకు.

"ఏమండీ, చెట్లు బాగుపడుతుంటే మీ మొహం అలా పెడతారేం?" అని మా ఆవిడ ఒక రోజు అడిగింది. అప్పటికి వాచ్‌మన్ వెళ్లి ఏడాది దాటింది. అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపి విన్నది.

"ఆ రోజు చెప్పుంటే మిమ్మల్నేం చేసేవాళ్లు? ఫ్లాటు ఖాళీ చేయమనేవాళ్లా?" అంది.

ఆమె మళ్లీ చేట దగ్గరికి లాక్కుంది.

అతను రాంగోపాల్‌పేట్‌లో ఒక ఆఫీసుల బిల్డింగులో ఉన్నాడని మా ఇస్త్రీ అతను చెప్పాడు. గాలివాన వచ్చిన ఏడాది డైరీ సంచిలో పెట్టుకుని వెళ్లాను. కింద లిఫ్టు దగ్గర స్టూలు మీద కూర్చుని, తడిగుడ్డతో ఒక కుండీలోని ఆకులు తుడుస్తున్నాడు. అవి ప్లాస్టిక్ ఆకులు.

నన్ను చూసి లేచాడు. "కూసోన్రి సార్," అని స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. మెట్ల కింది గదిలోంచి అతని భార్య వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏంది సార్, తొవ్వ తప్పిన్రా? ఏడాదికి గిట్ల యాదికొచ్చినమా?"

"నువ్వు ఊకో," అన్నాడతను. నా వైపు తిరిగి, "మూడో నంబరు ఎట్లున్నది సార్?" అని అడిగాడు.

మూడు నిండు ఆకులు వేసిందని చెప్పాను. ఆరో నంబరు కూడా. అతను తల ఊపాడు. మొహం కొంచెం తేటపడింది.

"ఈడ ఒక్క చెట్టు లేదు. గీ పిలాస్టిక్‌వి తుడుసుడే పని," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఉద్యోగం పోతె పోయింది సార్, ఇంకోటి దొరికింది. కని ఆ మాట మా ఊళ్ల సుత తెల్సింది. సిమెంట్ చెట్టుకు బొక్క కొట్టి కల్లు గుంజవోయిండట అని నవ్విన్రు. మా చిన్నాయిన సుత నవ్విండు. ఇరవై ఏండ్లు గీసిన. ఒక్క చెట్టును సంపలే," అన్నాడు.

నేను డైరీ తీసి మే నెల పేజీ చదివాను. మేకులు ఎనిమిది, నేరుగా మొదలుకే, వాచ్‌మన్ కాదన్నాడు, అంగీకరించలేదు. చదువుతుంటే, ఒప్పుకుంటున్నాను కాబట్టి బరువు తగ్గుతుందని ఆశ. అతను వింటూ ఉండి, "నా మాట సుత రాస్కున్నరా?" అన్నాడు. ఆశ్చర్యపోయినట్టున్నాడు. తర్వాత, "అంటే మీటింగప్పుడు గిది మీ ఇంట్లనే ఉన్నదా?" అని అడిగాడు.

"ఉంది."

అతని భార్య గుమ్మం దిగి వచ్చింది. "మాకు సదివితె ఏం ఫాయిదా సార్? మేకులు ఎవలు కొట్టిన్రో మాకు ఎర్కలేదా? నవ్వినోళ్లు ఆడున్నరు. ఆడ సదువున్రి."

"సార్ పెద్దమనిషి. వదిలెయ్," అన్నాడతను.

"పెద్దమనిషని తెల్సు కాబట్టే చెప్తున్న," అందామె.

తర్వాతి నెల మీటింగులో, నీళ్ల ట్యాంకర్ల సంగతి అయిపోయాక లేచి నిలబడ్డాను. డైరీ పేజీ చదివాను. మేకులు నేను కొట్టించానని, సిమెంటు నేను పెట్టానని, అడిగినప్పుడు తెలిసి కూడా చెప్పలేదని చెప్పాను. చదవడం అయ్యాక తలెత్తి చూశాను. ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. పామ్ కల్లు జోకు వేసిన ఆయన ముక్కు తుడుచుకుంటున్నాడు.

"అయ్యో, పోనీయండి అంకుల్, ఎప్పటి సంగతి అది," అన్నాడు ప్రెసిడెంటు. "చెట్టు పోతే పోయింది."

"చెట్టు సంగతి కాదు. ఆ మనిషిని అన్యాయంగా పంపేశాం. తిరిగి పిలుద్దాం."

"ఇప్పుడున్నాయన మంచిగనే చేస్తున్నడు కదా. ఆయన్నెట్ల తీసేస్తం? మీరు పరేషాన్ కాకండి."

కనీసం మినిట్స్ పుస్తకంలో రాయాలన్నాను. "రాస్కోండి అంకుల్, మీ ఇష్టం," అన్నాడు. రాశాను. మాటలు లిఫ్టు మరమ్మతు మీదికి వెళ్లాయి. ఉయ్యాల ఊగిన అబ్బాయి తల్లి మెట్ల దగ్గర నన్ను ఆపి, "మీరు కావాలని చేశారా ఏంటండీ," అని ఓదార్చింది. ఏడాదిన్నర నేను భయపడ్డది ఆమె చూపుకే.

మర్నాడు పొద్దున్నే రాంగోపాల్‌పేట్ వెళ్లాను. అతను బిల్డింగు ముందు ఊడుస్తున్నాడు. చెప్పానన్నాను. చీపురు గోడకు ఆనించాడు.

"అంత సదివిన్రా?"

"అంతా. సిమెంటు సంగతి కూడా. మినిట్స్‌లో కూడా రాశాను."

"ఏమన్నరు?"

అబద్ధం చెప్పాలనిపించింది. అందరూ సిగ్గుపడ్డారనో, నిన్ను రమ్మంటున్నారనో. కానీ జరిగింది జరిగినట్టే చెప్పాను.

"ఎవలు లొల్లి చెయ్యలేదా సార్?"

"లేదు."

"గా పిలగాని అమ్మ సుత?"

"కావాలని చేశారా అంది."

అతను బిల్డింగు మెట్టు మీద కూర్చుని తుంటి రుద్దుకున్నాడు.

"నన్నైతె గంటసేపు నిలవెట్టిన్రు సార్," అన్నాడు.

అతని భార్య లోపల్నుంచి ఏదో అడిగింది. పైనుంచి ఎవరో పిలిస్తే లేచి, చీపురు అక్కడే వదిలి, లిఫ్టు వైపు వెళ్లాడు. అతను వచ్చేదాకా ఆగాలో, వెళ్లిపోవాలో తేల్చుకోలేక ఆ మెట్ల ముందే నిలబడ్డాను.